కూర్చోనివ్వని కొండ

ఏడుపడగల కొండ మొదట్లో, ఇంకా పక్షులు సరిగా గొంతు విప్పకముందే, ఇద్దరు బాటసారులు కీచులాడుకుంటున్నారు.

"ఒరే బైరీ, ఈ మలారం కాసేపు నువ్వు మొయ్యరా. భుజం ఊడిపోతోంది."

"గాజుల శెట్టి మలారం గాజుల శెట్టే మొయ్యాలి ప్రభూ. నేను మోస్తే నన్నే శెట్టి అనుకుంటారు."

"ప్రభూ అనొద్దన్నానా?"

"అనను ప్రభూ."

గాజుల మూటని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ ఒగురుస్తున్నవాడు కంకణపురం యువరాజు రత్నకేతుడు. నెత్తిన మాసిన పాగా, మూతి మీద అంటించిన మీసం, ఒంటి మీద అరువు తెచ్చిన ముతకబట్ట. పుట్టి ఇరవై రెండేళ్ళయినా కోటగోడ దాటి కాలినడకన పోవడం ఆయనకి ఇదే మొదలు. అందుకే కనిపించిన ప్రతి పిట్టనీ, ప్రతి తుప్పనీ చూపించి "ఇదేమిటి? అదేమిటి?" అని తోటివాడి ప్రాణం తీస్తున్నాడు.

తోటివాడు బైరి. బక్కపలచటి మనిషి, పిక్కలు మాత్రం రోకళ్ళలా ఉంటాయి. చేతిలో మువ్వల కర్ర ఉంది. మువ్వలు మోగకుండా వాటికి గుడ్డపేలిక చుట్టాడు. నిలబడ్డచోట నిలవలేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తిరగక ఏం చేస్తాడు? ఈవేళ పున్నమి. ఈ సాయంత్రం పొద్దు గుంకేసరికి కొండ అవతల తోరణావతి నగరంలో వాడి అన్నని ఉరి తీస్తారు. ఆ ఉరితాడు పేనింది ఒకరకంగా వాడి చెయ్యే.

బైరి అంచెవాడు. రాజుగారి లేఖలున్న తోలుసంచి భుజాన వేసుకుని, మువ్వల కర్ర మోగించుకుంటూ ఒక మజిలీ దూరం పరుగెత్తి, ఎదురొచ్చిన అంచెవాడికి సంచి అందించి వెనక్కి తిరగడం వాడి పని. వాడి మజిలీ సరిహద్దు రాయి దగ్గర అయిపోతుంది. రాయికి అవతల తోరణావతి రాజ్యం. అక్కడ సంచి అందుకునేవాడు మాచన, బైరికి తోడబుట్టిన అన్న. పదేళ్ళ కిందట రాజులిద్దరూ పొలిమేర గీసుకున్నప్పుడు అన్న గుడిసె గీతకి అటు పడింది, తమ్ముడి గుడిసె ఇటు పడింది.

అంచెవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. సంచి చేతులు మారేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూడకూడదు. చూస్తే మాట వస్తుంది, మాట వస్తే అడుగు ఆగుతుంది, అడుగు ఆగితే రాజ్యం ఆగుతుందని పెద్దలు అంటారు. తల వంచుకుని రావాలి, మువ్వల చప్పుడు గుర్తుపట్టాలి, చేతిలో చెయ్యి పెట్టి సంచి జార్చి వెళ్ళిపోవాలి. కాబట్టి పదేళ్ళుగా రోజు విడిచి రోజు కలుసుకుంటున్నా ఆ అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకోలేదు. అన్న అంటే బైరికి ఒక అరచెయ్యి. గరుకుగా, వెచ్చగా, బొటనవేలి కింద కాయకాచిన అరచెయ్యి. అది ఒక్క ఊపిరిసేపు తగిలేది, అంతలోనే విడిపోయేది.

ఆరు రోజుల కిందట తగిలిన చెయ్యి చల్లగా ఉంది. మెత్తగా, తడిగుడ్డలా ఉంది. 'అన్నకి ఒంట్లో బాగాలేదేమో' అనుకున్నాడు బైరి. తల ఎత్తబోయాడు. కట్టుబాటు గుర్తొచ్చి ఎత్తలేదు. సంచి వదిలేసి వెనక్కి పరుగెత్తాడు.

మర్నాడు సరిహద్దు రాయి చుట్టూ గుడ్లగూబ ఈకలు కనిపించాయి. ఏడుపడగల కొండ మీద ఉండే ఘూకభట్టు అనే మాంత్రికుడు అడుగు పెట్టినచోటల్లా ఆ ఈకలు రాల్తాయని చంటిపిల్లలకి కూడా తెలుసు. వాడు మాచన మొహాన నిద్రపొడి ఊది, అతని కర్ర లాక్కుని, అతని మువ్వలే మోగించి సంచి కాజేశాడు. మాచన కళ్ళు తెరిచేసరికి భటులు చుట్టూ నిలబడి "సంచి ఎంతకి అమ్ముకున్నావురా?" అని అడుగుతున్నారు. ఉన్నదున్నట్టు చెబితే ఎవరికి పడితే వారికి సంచి ఇచ్చిన నేరం తమ్ముడి మెడకి చుట్టుకుంటుంది. మాచన పెదవి విప్పలేదు.

నిన్న పొద్దున్న రాయి అవతల దండోరా పడింది.

"అంచె తెగ్గొట్టిన మాచనకి పున్నమి నాటి సాయంత్రం ఉరి! పొద్దు గుంకేలోగా ఆ సంచి వెనకటి మజిలీవాడి చేతి నుంచి వీడి చేతికి అందితే అంచె తెగనట్టే! అందకపోతే ఉరేనహో!"

రాచబాటన తోరణావతి మూడు రోజుల దారి. కొండ మీదుగా అయితే ఒక్క పగలు. సంచి దొంగ కాపురమూ కొండమీదే. బైరి కర్ర తీసుకుని బయల్దేరాడు. ఆ సంచిలో ఉన్నది తోరణావతి రాకుమార్తె హేమరేఖకి కంకణపురం పంపిన పెళ్ళిలేఖ కావడంతో, "నా పెళ్ళి ఉత్తరం నేనే తెచ్చుకుంటా"నని రత్నకేతుడు కోట దాటి వాడి వెంటపడ్డాడు.

మొదటి పడగ దగ్గర, కుండ పక్కన పెట్టుకుని ఒక ముసలమ్మ నిలబడి ఉంది.

"అంబలి తాగి పోండి నాయనా. నిలబడే తాగండి."

"బతికించావు అవ్వా!" అంటూ రత్నకేతుడు మలారం దించి, నున్నటి బండ ఒకటి చూసుకుని దాని మీద చతికిలబడబోయాడు. ముసలమ్మ గరిటె తిరగేసి ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది.

"అది మా ఆయనయ్యా!"

యువరాజు ఎగిరి గంతేశాడు. బండ బండలానే ఉంది. కాకపోతే కాస్త పరీక్షగా చూస్తే, ఒంగి చెప్పు సరిచేసుకుంటున్న మనిషి వీపులా ఉంది.

"నలభై ఏళ్ళయింది," అంది ముసలమ్మ, దొప్పలో అంబలి పోస్తూ. "సంతకి పోతున్నాం. చెప్పు తెగింది, నువ్వు నడుస్తుండు, చిటికెలో వస్తానన్నాడు. నాలుగడుగులు వేసి చూస్తే ఇదీ సంగతి. ఈ కొండ మీద కూర్చున్నవాడు లేవడు నాయనా. పిరుదు నేలకి ఆనిందా, కిందనుంచి రాయి పాకుతుంది. చతికిలబడొద్దు, చేరగిలబడొద్దు. కాళ్ళు నొప్పెడితే ఏడవండి. ఏడుస్తూ నడవండి."

"మరి నువ్వు రోజూ ఇక్కడికెందుకు అవ్వా?" అన్నాడు రత్నకేతుడు.

"ఆయనకి ఒక్కడే తినడం అలవాటు లేదు. పొద్దున్నే ఓ దొప్పెడు ఆయన ముందు పెట్టి, మిగిలింది దారినపోయేవాళ్ళకి పోస్తా. ఉప్పు తగ్గితే కుండ ఎత్తి పారేసే మనిషి. ఈమధ్య ఏమీ అనట్లేదులే."

బైరి దొప్ప కింద పెట్టేశాడు.

"అవ్వా, ఘూకభట్టు పైనే ఉన్నాడా?"

"ఆ గుడ్లగూబగాడా? ఆరు రోజుల కిందట తోలుసంచి ఒకటి చంకన పెట్టుకుని పోయాడు. ఇటు దిగలేదు. వాడికి మాత్రం ఈ కొండ మీద కూర్చునే రాత ఉందా ఏం? ముప్పయ్యేళ్ళుగా నిలబడి తింటాడు, గబ్బిలంలా వేలాడి పడుకుంటాడు. కూర్చోవడం ఎలాగో మర్చిపోయుంటాడు వెధవ."

బైరి అప్పటికే పది మెట్లు పైన ఉన్నాడు.

ఆ కొండ చూడడానికి ఏడుతలల పాము చుట్ట చుట్టుకుని పడగలెత్తినట్టు ఉంటుంది. ఒక్కో పడగ ఒక్కో రంగు. మొదటిది నేరేడుపండు రంగు, రెండోది ఇటుకపొడి, మూడోది పసుపు కొమ్ము. అలా పోగా పోగా ఏడోది పాలనురుగు. పడగల సందుల్లో సన్నటి జలధారలు వెండి జరీపోగుల్లా వేలాడుతుంటాయి. పేరు తెలియని తీగలు రాళ్ళని అల్లుకుని పిడికెడేసి ఊదాపూలు పూస్తాయి. ఆ అందం మధ్యన, దారి పొడవునా బండలు. చేతికర్ర మీద గడ్డం ఆనించిన బండ. మోకాళ్ళు కావలించుకున్న బండ. ఒళ్ళో చంటిపిల్లని పెట్టుకున్న బండ. బైరి వాటివైపు చూడకుండా నడిచాడు. చూస్తే ప్రతి బండా ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టే ఉంది.

మూడో పడగ దాటేసరికి యువరాజు అరికాళ్ళు బొబ్బలెక్కాయి. నాలుగో పడగకి బొబ్బలు చితికాయి. అయిదో పడగ దగ్గర చల్లటి గాలి వీచింది. మల్లెపూల పాన్పు మీద పడుకోబెట్టి ఎవరో జోకొడుతున్నట్టు, రెప్పలు వాటంతటవే వాలిపోయే గాలి.

"బైరీ, నువ్వు పోతూ ఉండు. చిటికెలో వస్తాను."

ఆ మాట చెవిన పడగానే బైరి వెనక్కి తిరిగేసరికి రత్నకేతుడు మోకాళ్ళు ముడిచి కిందకి జారుతున్నాడు. పంచె వెనక కుచ్చెళ్ళు నేలకి తగిలాయి. తగిలిన అంచు బూడిదరంగుకి తిరిగింది. ఆ రంగు తడిలా పైకి పాకుతోంది.

బైరి ఒక్క దూకున వచ్చి మువ్వల కర్రని యువరాజు చంకల కిందనుంచి దూర్చి, గడ్డపారతో దుంగ లేపినట్టు పైకి ఎగదన్నాడు. రత్నకేతుడు లేచాడు గానీ పంచె లేవలేదు. రాయైన కుచ్చెళ్ళు నేలని పట్టుకుని గుంజుతున్నాయి. బైరి కర్ర తిప్పి ఒక్క పోటు పొడిచాడు. పెంకు పగిలినట్టు పటుక్కుమని విరిగింది. ఇద్దరూ ముందుకి తూలి, పడిపోబోయి, పడితే చచ్చామని గుర్తొచ్చి, నాలుగు అడుగులు గుడ్డికొంగల్లా తొక్కుకుని నిలబడ్డారు.

"నా పంచె!" అన్నాడు యువరాజు, వెనక తడుముకుంటూ.

"పంచె పోయింది, పిర్ర దక్కింది. పదండి."

యువరాజు నెత్తిన పాగా విప్పి ఒక కొస తన నడుముకీ, మరో కొస ఆయన నడుముకీ బిగించాడు బైరి. ఆపైన యువరాజు నడిచాడో, ఈడ్చబడ్డాడో చెప్పడం కష్టం. నోరు మాత్రం ఆగలేదు. నిద్ర రాకుండా ఉండడానికి బైరే ఆయన చేత మాట్లాడించాడు. తోరణావతిలో ఏయే పిండివంటలు దొరుకుతాయో, హేమరేఖ తనని చూసి ముందు నవ్వుతుందో సిగ్గుపడుతుందో, బతికి ఇల్లు చేరితే ఎన్ని రోజులు లేవకుండా కూర్చుంటాడో అన్నీ చెప్పించాడు. వింటున్నట్టు ఊకొడుతూ పొద్దువైపు చూసుకుంటూనే ఉన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. నడినెత్తి దాటింది.

ఏడో పడగ నోట్లో ఉంది ఘూకభట్టు గుహ. గుహ కప్పు నుంచి పట్టుతాళ్ళు వేలాడుతున్నాయి. తలకిందులుగా నిద్రపోవడానికి కాళ్ళు తగిలించుకునే తాళ్ళు. నిలబడి తినడానికి గుండెలెత్తు పీట. పీట చుట్టూ గుడ్లగూబ ఈకలు చీలమండల లోతున పరుచుకుని ఉన్నాయి. మనిషి జాడ లేదు. సంచి జాడ లేదు.

మధ్యన ఒక రాగి గంగాళం నిండా నీళ్ళున్నాయి. దాహంతో అలమటిస్తున్న రత్నకేతుడు వంగి దోసిలి పట్టబోయి ఆగిపోయాడు. నీళ్ళలో ఆయన మొహం కనిపించింది. అంటించిన మీసం లేదు, మట్టి లేదు, చెమట లేదు. నుదుట కస్తూరి తిలకం, చెవులకి కుండలాలు.

నీళ్ళలో మొహం నవ్వింది. రత్నకేతుడు నవ్వలేదు.

"బైరీ," అన్నాడు, "అది నేనే. కానీ నేను కాదు."

బైరి గుహకి అవతలి వాకిలి దగ్గరికి పరుగెత్తాడు. కింద లోయలో, బొమ్మలకొలువు పెట్టినట్టు తోరణావతి కనిపించింది. వాకిలి ముందునుంచి కిందికి గుడ్లగూబ ఈకలు కొత్తగా రాలి ఉన్నాయి. ఊరి తూర్పు వాకిట్లో అంబారీ కట్టిన ఏనుగు ఎవరికో స్వాగతం చెప్పడానికి నిలబడి ఉంది.

"ముందే కబురంపి, మీ మొహం వేసుకుని మీ పెళ్ళికి పోయాడు," అన్నాడు బైరి. "ఉత్తరం వాడి దగ్గరే ఉంది."

కొండ దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది. జారుడు రాళ్ళు. జారితే కూలబడతారు, కూలబడితే అంతే సంగతులు. ఆగి ఆగి దిగడానికి పొద్దు లేదు. బైరి ఇక ఆలోచించలేదు. "నా అడుగులో అడుగెయ్యండి" అని పరుగు అందుకున్నాడు. ముందు బైరి, వెనక నడుముకి కట్టిన యువరాజు, ఆయన భుజాన గలగలలాడుతూ మలారం. దడదడమని రాళ్ళు దొర్లినట్టు దిగారు. చివరి మెట్టు దాటి గడ్డినేల మీద కాలు పెట్టగానే రత్నకేతుడు బైరి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడ కూర్చోవచ్చా?"

"కూర్చోవచ్చు."

యువరాజు కళ్ళ నీళ్ళతో చతికిలబడ్డాడు. బైరి ఆయన జబ్బ పట్టి లేవదీశాడు.

"అయింది కదా. పదండి."

తోరణావతి పేరుకి తగ్గ నగరం. వీధికి నూటొక్క తోరణం. మామిడాకుల తోరణాలు, ముత్యాల తోరణాలు, చిలకలు వాలిన జామకొమ్మల తోరణాలు. మేడల మీదనుంచి పన్నీరు చల్లుతున్నారు. అరుగుల మీద అరిసెలు వేగుతున్నాయి. పెళ్ళికొడుకుని చూడడానికి ఏడూళ్ళ జనం ఒక్క వీధిలో ఇరుక్కున్నారు. పడమటి వాకిలి దగ్గర మాత్రం తోరణం లేదు. అక్కడ ఉరికంబం ఉంది. పొద్దు దాని మీదికి బారెడు ఎత్తున వేలాడుతోంది.

జనాన్ని తోసుకుంటూ పోతుంటే ఒకావిడ రత్నకేతుడి మలారం పట్టుకుని లాగింది.

"ఏయ్ శెట్టీ, ఆకుపచ్చ గాజులు తియ్యి. పెళ్ళి చూడబోతూ బోడి చేతులతో పోనా?"

"అమ్మా, తొందరలో ఉన్నాం," అన్నాడు బైరి.

"గాజులమ్మేవాడికి గాజులు తొడగడం కన్నా తొందరేమిటోయ్?"

ఆడమనిషి చెయ్యి చాపితే కాదనడం కోటలో నేర్పలేదు. రత్నకేతుడు గాజు తీసి ఆవిడ వేళ్ళకి ఎక్కించబోయాడు. అది కణుపుల దగ్గర ఆగింది. తిప్పాడు. తోశాడు. గాజు పుటుక్కున విరిగింది.

"చెయ్యి నొక్కి మలపాలయ్యా! చేపని తోమినట్టు తోముతున్నావేం?" అంది ఆవిడ. పక్కనున్న వాళ్ళు మూగారు. ఇంకో గాజు విరిగింది. చెమటకి మీసం ఒక పక్క ఊడి వేలాడింది. ఆవిడ కళ్ళు చిట్లించి చూసి, యువరాజు చెవి మెలితిప్పి పట్టుకుంది.

"వీడు శెట్టీ కాదు, గిట్టీ కాదు! గాజుల మూట కాజేసిన దొంగ!"

అదే సమయానికి భేరీలు మోగాయి. వీధి మలుపులో అంబారీ ఏనుగు కనిపించింది. అంబారీలో రత్నకేతుడి మొహం. ఆ మొహం చేతిలో, అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్న తోలుసంచి.

"దొంగ మాచన అమ్ముకున్న సంచిని బందిపోట్లని చంపి విడిపించి తెచ్చిన వీరుడు, కంకణపురం యువరాజులవారు వస్తున్నారహో!" అని ముందు నడిచేవాడు అరుస్తున్నాడు.

"ఇదేమిటే," అంది చెవి పట్టుకున్న ఆవిడ, చెవి వదలకుండానే. "పెళ్ళికొడుకు నిలబడే వస్తున్నాడు! పట్టుపరుపు వేసి పెడితే కూర్చోడేం?"

"సెగ్గడ్డ లేచిందేమోలే!"

వీధి వీధంతా నవ్వింది. బైరి నవ్వలేదు. వాడి కళ్ళు మెరిశాయి. మువ్వలకి చుట్టిన గుడ్డపేలిక పటపట విప్పేశాడు.

"బైరీ, అది నా మొహంరా!" అన్నాడు రత్నకేతుడు.

"తెలుసు ప్రభూ. ముందు మిమ్మల్ని విడిపించి..."

"సంచి నీది, మొహం నాది. పొద్దు చూడు! నువ్వు పో. ఈ తల్లి నా చెవి వదిలితే వాడి సంగతి నేను చూసుకుంటా."

బైరి ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశాడు. ఊడిన మీసం, ఎర్రబడ్డ చెవి, పొద్దున్నుంచీ తన నడుముకి కట్టుకుని ఈడ్చిన మనిషి. పాగా ముడి విప్పాడు. కర్ర ఎత్తి మువ్వలు మోగించాడు.

ఘల్, ఘల్, ఘల్!

అంచె మువ్వలు మోగితే రాజైనా పక్కకి తప్పుకోవాలని రెండు రాజ్యాల్లోనూ శాసనం. పాలు తాగే పాపల నుంచి పళ్ళూడిన తాతల దాకా అందరి కాళ్ళకీ ఆ శాసనం తెలుసు. జనం దువ్వెన పెట్టి పాపిడి తీసినట్టు రెండుగా చీలారు. రాచ ఏనుగులకి కూడా గున్నలప్పటి నుంచే ఆ చప్పుడు నేర్పుతారు. అంబారీ ఏనుగు చెవులు నిక్కబొడిచి, మావటివాడు "ఆగవే! ఆగవే!" అని మొత్తుకుంటున్నా వినకుండా, గిరుక్కున పక్కకి తిరిగింది.

కూర్చున్నవాడైతే అంబారీ పట్టుకుని నిలదొక్కుకునేవాడు. నిలబడ్డవాడు గాలిలో రెండు మొగ్గలు వేసి, పన్నీరు బురదలో దభీమని కూలబడ్డాడు. ముప్పయ్యేళ్ళ తర్వాత ఘూకభట్టు పిర్రలకి నేల తగలడం అదే. రాయైపోతానన్న భయంతో బిగుసుకుపోయాడు. మోకాలు ఎటు మడవాలో, చెయ్యి ఎక్కడ ఆనించాలో తెలియక వెల్లకిల పడ్డ తాబేలులా కాళ్ళు కొట్టుకున్నాడు. "పట్టుకోండి!" అని కూత పెట్టేసరికి సంచి బైరి భుజాన ఉంది, బైరి మూడు తోరణాల అవతల ఉన్నాడు.

పొద్దు ఉరికంబం అడ్డదూలాన్ని తాకింది.

నల్ల ముసుగు వేసిన మనిషిని బల్ల మీద నిలబెట్టారు. మెడకి తాడు వేశారు. కొత్వాలు చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి మువ్వల చప్పుడుకి అక్కడే ఆగింది.

"ఎవడు నువ్వు?"

"వెనకటి మజిలీ... వాణ్ణి..." బైరికి ఊపిరి అందడం లేదు. "సంచి... తెచ్చాను."

కొత్వాలు సంచి మీద కంకణపురం లక్కముద్ర తడిమి చూశాడు. బైరి నుదుటి మీద అంచెవాళ్ళు పొడిపించుకునే పచ్చబొట్టు చూశాడు. పొద్దువైపు చూశాడు. ఇంకా వేలెడంత మిగిలి ఉంది.

"వాడి చేతులు విప్పండి. నీ చేత్తో వాడి చేతికియ్యి."

బైరి బల్ల ఎక్కి చెయ్యి చాపాడు. పక్కనుంచి వచ్చిన అరచెయ్యి గరుకుగా, వెచ్చగా తగిలింది. సంచి పట్టీ దాని మీద జార్చాడు. ఆ చెయ్యి సంచిని పట్టుకుంది గానీ వాడి వేళ్ళని వదల్లేదు.

"ఇంత వణుకుతోందేంరా నీ చెయ్యి?" అంది ముసుగు లోపలి గొంతు.

"అంచె తెగలేదు!" అని కేక పెట్టాడు కొత్వాలు. "ముసుగు తియ్యండి!"

బైరి ఎరిగిన అన్నకి నొక్కుల జుట్టు, నిండు బుగ్గలు, కోటేరు ముక్కు ఉండేవి. ముక్కు ఒక్కటే మిగిలింది.

"ముసలాడివైపోయావేం అన్నా!"

"నువ్వేదో పెళ్ళికొడుకులా ఉన్నట్టు," అన్నాడు మాచన.

వీధి అవతలి నుంచి కేకలు, డెక్కల చప్పుడు. భటులు దూసుకొస్తున్నారు. "యువరాజుని ఏనుగు మీదనుంచి పడదోశాడు! పట్టుకోండి!" కొత్వాలు మొహం మారింది. ఆయన న్యాయం తెలిసినవాడే, కానీ ఆయన న్యాయం అంచె కట్టుబాటు దగ్గర ఆగిపోతుంది. "మాచనకి విడుదల. రెండోవాణ్ణి కట్టండి," అన్నాడు.

"అన్నా, పరుగెత్తు!"

మాచన ఒక అడుగు వేసి ముందుకి పడ్డాడు. ఆరు రోజులు బొండకొయ్యలో బిగించిన చీలమండలు గుమ్మడికాయల్లా వాచి ఉన్నాయి. బైరి వంగి అతన్ని బియ్యపు బస్తాలా వీపు మీదికి ఎత్తుకున్నాడు. మాచన పైనుంచి కర్ర లాక్కుని మువ్వలు మోగించాడు. పడమటి వాకిలి కావలివాళ్ళు ఈటెలు అడ్డం పెట్టబోయి, ఆ చప్పుడుకి చేతులు వాటంతటవే వెనక్కి పోగా, తెల్లబోయి దారి ఇచ్చారు. వెనక కొత్వాలు అరుపుకి తేరుకుని తలుపులు మూసేసరికి అన్నదమ్ములిద్దరూ బయట ఉన్నారు. తలుపు గడియ పడ్డ చప్పుడు బైరి వెన్నులో దిగింది.

రేగుపొదల చాటున అన్నని దించాడు. గోడ మీద కాగడాలు అటూ ఇటూ ఉరుకుతున్నాయి.

"ఇదేమిటిరా సంచిలో?" అన్నాడు మాచన, తడిమి చూసి.

"పెళ్ళిలేఖ."

"ఎవరిది?"

"లోపల ఉండిపోయిన మనిషిది. తన మొహం తనదని చెప్పుకోడానికి ఆయనకి ఉన్న సాక్ష్యం ఈ ఉత్తరం ఒక్కటే. అది నేను పట్టుకొచ్చేశాను." బైరి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "చెవి ఆవిడ చేతిలో ఉండగానే పొమ్మన్నాడన్నా. ఇలాగే పోతే తనని వదిలేసి పోయాననుకుంటాడు."

మాచన సంచి తీసి తమ్ముడి భుజాన వేశాడు.

"అయితే పో. నేనిక్కడే ఉంటా. ఇన్నేళ్ళూ మనం చేసింది అదే కదరా, ఇచ్చి పోవడమే."

బైరి రెండడుగులు వేశాడు. పొదల మధ్య అన్న కదలకుండా, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఆ ఆకారం చూడగానే వాడి కాళ్ళు భూమిలో దిగబడ్డాయి. గబగబా వెనక్కి వచ్చి, సంచి అన్న మెడలోనే వేసి, అన్నని మళ్ళీ వీపు మీదికి ఎత్తుకున్నాడు.

"దించరా వెధవా! మోసుకుంటూ ఎలా పోతావు?"

"నువ్వు దారి చెప్పు. ఈ ఊరు నాకు తెలీదు."

మాచన తమ్ముడి చెవి పక్కనే మెల్లగా అన్నాడు.

"ఎడమకి తిరుగు. ఏనుగుల్ని నీళ్ళకి తోలే దిడ్డివాకిలి ఒకటుంది. రొమ్ములోతు నీళ్ళు. మువ్వలు నోటితో పట్టుకుంటాలే, మోగవు."

బైరి ఎడమకి తిరిగి నీళ్ళలో కాలు పెట్టాడు. గోడ లోపల ఏనుగు ఘీంకరించింది. ఆ వెనకే, రత్నకేతుడి గొంతు రెండుసార్లు వినిపించింది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకటి "వీణ్ణి నరకండి!" అంటోంది. రెండోది "బైరీ!" అంటోంది.

అన్నదమ్ములిద్దరూ ఒక్క ఊపిరి తీసుకుని గోడ కింద చీకట్లో మునిగారు.